వెనుదిరిగే సేనలకు వీడ్కోలు నిబంధనలు

యుద్ధంలో వెనుదిరిగే సైన్యం ఏ విధంగా వెనుదిరగాలో నిర్ణయించే మహత్కార్యాన్ని టార్నీట్ తెలుగు సమరక్రీడా సంఘం వారు పదకొండు వారాలలో దిగ్విజయంగా ముగించారు. నిబంధనలు మొత్తం నలభై ఒకటి, అనుబంధాలు వేరు. వీటి ప్రకారం ఇంతవరకూ ఏ సైన్యమూ వెనుదిరగలేకపోయింది. అది నిబంధనల లోపం కాదనీ, మన సైన్యాల సంస్కారమనీ సంఘాధ్యక్షుడు రామానుజం గారు వివరణ ఇచ్చారు.

సంఘం పుట్టుక గురించి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మెల్‌బోర్న్ పడమటి కొసన టార్నీట్‌లో రామ్మోహన్ అనే ఐటీ ఉద్యోగి ఉన్నాడు. అతని కూతురు సృజన, పదిహేడేళ్ళ పిల్ల, స్కూలు స్నేహితులతో కలిసి ఇంటి గరాజులో ‘కంచుకోటలు’ అనే ఆట ఆడుకునేది. బల్లమీద ఒక దేశపటం పరుస్తారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు రాజులూ సేనాపతులూ అయిపోయి, ఆ పాత్రల్లోనే మాట్లాడుతూ, పాచికలు వేస్తూ, వేలెడంత బొమ్మ సైనికులను పటంమీద జరుపుతారు. ఒక శనివారం పిల్లలకు చిప్స్ ఇవ్వడానికి గరాజులోకి వెళ్ళిన రామ్మోహన్ పావుగంట నిలబడి చూశాడు. మరుసటి వారం నలుగురు స్నేహితులను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పై వారానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు ముగ్గురు, కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి ఏర్పడ్డారు. నాలుగో వారానికి పిల్లలకు అనుభవం చాలదని తీర్మానించి వాళ్ళను గరాజునుంచి సాదరంగా బయటికి పంపారు. ఆటను ఆటలాగే చూస్తున్నారన్నది పిల్లలమీద మోపిన నేరం. పిల్లలు దాన్ని కాదనలేకపోయారు.

రామ్మోహన్ అత్తగారు సత్యభామకు డెబ్భై రెండేళ్ళు. రేపల్లెలో అయిదో తరగతితో ఆవిడ బడి ఆగిపోయింది. చదువు మాత్రం ఆగలేదు. పప్పు పొట్లం విప్పితే పప్పుకంటే ముందు కాగితం చదివే మనిషి. కూతురి దగ్గరికి వచ్చాక ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ రెండేసి సార్లు అయిపోయి, ఇక చదవడానికేమీ మిగలక, నిఘంటువు పక్కన పెట్టుకుని ‘కంచుకోటలు’ నిబంధనల పుస్తకం మొదలుపెట్టింది. మూడు వందల పన్నెండు పేజీలు, ఎనిమిది నెలలు. సంఘంలో మరెవ్వరూ ఆ పుస్తకంలో బొమ్మలు దాటి వెళ్ళలేదు కనుక ఆవిడను ‘నిబంధనల సలహాదారు’గా నియమించారు. టీ పెట్టి ఇవ్వడం కూడా ఆవిడ బాధ్యతే. ఈ రెండు హోదాలలో టీ హోదాకే సంఘంలో మన్నన ఎక్కువ.

అదే వీధిలో నాలుగిళ్ళ అవతల లీలావతి ఉంటుంది. జనగామ మనిషి. సత్యభామకంటే రెండేళ్ళు చిన్న. ఆవిడ కొడుకు వెంకీ ఆసుపత్రిలో నర్సు, మన సంఘంలో నీలిసేనకు రాజు. మూడేళ్ళుగా ఈ ఇద్దరు ఆడవాళ్ళూ పొద్దున్నే వాగు పక్క బాటమీద గంటసేపు నడుస్తారు. నడుస్తూ ఒకరి భాషను ఒకరు వెక్కిరించుకుంటారు. అంతకుమించి వారిద్దరికీ ఆ ఖండంలో వేరే పని లేదు. వెంకీ తన నలభై మూడు మంది బొమ్మ సైనికులకూ నీలిరంగు వేస్తే, లీలావతి గుండుసూది మొన ఎర్రరంగులో ముంచి నలభై మూడు నుదుళ్ళమీదా బొట్టు పెట్టింది. “బొట్టు లేకుంట యుద్ధానికి ఎట్ల పోతరక్కా, పాపం,” అన్నది.

ఏప్రిల్ నెలలో ఒక శనివారం వెంకీ లేచి నిలబడి, తనకు క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబాలో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జూలై మొదటి తేదీలోపు ఎప్పుడు చేరినా సరేనన్నారట.

“ఈ బ్యాటిల్ సగంలో వదిలేసి పోను అంకుల్. నా ఆర్మీని నీట్‌గా విత్‌డ్రా చేసుకుంట. అది అయిపోయిన మరుసటి సాటర్డే లారీ బుక్ చేస్త.”

రామానుజం గారు పుస్తకం తెప్పించి రెండు వందల పద్నాలుగో పేజీ తీయించారు. వెనుదిరిగే సేనల గురించి అందులో ఉన్నవి రెండే వాక్యాలు. వెనుదిరిగే సేన బల్ల అంచు దాటితే ఆటనుంచి తప్పుకున్నట్టు. అది దాటేలోపు పక్కనున్న ప్రతి శత్రుసేనా వీపుమీద ఒక దెబ్బ వెయ్యవచ్చు.

నీలిసేన పక్కన శత్రువులు నలుగురున్నారు. దెబ్బకు పదిమంది చొప్పున నాలుగు దెబ్బలు పడితే నలభై మూడు మందిలో నలుగురు కూడా మిగలరు.

“నేను ఓడిపోలేదు కద అంకుల్. ఊరు మారుతున్న, అంతే,” అన్నాడు వెంకీ.

“ఊరు మారడానికీ ఓడిపోవడానికీ తేడా ఉందని బుక్‌లో ఎక్కడుంది బ్రదర్?” అన్నాడు కనకరాజు. అతను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు పట్టే విభాగంలో పనిచేస్తాడు. ఇంట్లో కూడా అదే విభాగం.

ఆ గరాజులో ఉన్నవాళ్ళంతా కనీసం నాలుగు ఊళ్ళు మారినవాళ్ళే. పుస్తకంలో అయితే లేదని రామానుజం గారు ధ్రువీకరించారు.

ఆ సమయంలో సత్యభామ టీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. బల్ల దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం ఒరిగి రెండు కప్పుల టీ కనకరాజు అశ్వదళంమీద పడింది. దాన్ని వరదగా పరిగణించారు. సత్యభామకు వరద కనిపించలేదు. నీలిసేన బల్ల దిగితే లారీ వస్తుంది, లారీ వస్తే లీలావతి వెళ్ళిపోతుంది అన్న లెక్క ఒక్కటే ఆవిడ బుర్రలో తిరుగుతోంది. సేన దిగకపోతే లారీ రాదు.

ఎవరైనా వెళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడవల్ల కాదు. పందొమ్మిదేళ్ళ వయసులో అక్కను రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళి, దారిలో తాగడానికి కూజాలో నీళ్ళు పడదామని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. కుళాయి సన్నగా వస్తోంది. రైలు సమయానికి కదిలింది. ఆ అక్కను మళ్ళీ చూడలేదు. కూజా మాత్రం నిండింది. అప్పటినుంచి ఎవరు గుమ్మం దిగుతున్నా ఆవిడ ఏదో ఒకటి అడ్డం వేస్తుంది. మజ్జిగ తాగి వెళ్ళమంటుంది. గొడుగు మరిచిపోయారంటుంది. మనిషి తిరిగి కూర్చుంటే తప్ప ఆవిడ గుమ్మం వదలదు.

“తుమ్మితేనో?” అంది సత్యభామ.

అందరూ ఆవిడవైపు తిరిగారు.

“ఏం లేదు నాయనా, పుస్తకమంతా చదివాను. సేన బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఏం చెయ్యాలో అందులో ఎక్కడా రాయలేదు. ఆగుతారా, వెళ్ళిపోతారా?”

రామానుజం గారు పుస్తకం మూసి, దాని అట్టవైపు జాలిగా చూశారు. “త్రీ హండ్రెడ్ అండ్ ట్వెల్వ్ పేజెస్ రాశారు,” అన్నారు. “తుమ్ము సంగతి మరిచిపోయారు. దీన్నిబట్టి మనకు అర్థమయ్యేది ఏమిటంటే, మిత్రులారా, యుద్ధం చెయ్యడం వాళ్ళకు తెలుసు. వెళ్ళిరావడం మనకు తెలుసు.” అక్కడికక్కడే వీడ్కోలు నిబంధనల ఉపసంఘం ఏర్పడింది. నిబంధనలు తేలేవరకూ నీలిసేన కదలరాదని, ముసాయిదా సత్యభామ తయారుచేయాలని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ రాత్రి సత్యభామ నిశ్చింతగా కడుపునిండా అన్నం తిన్నది.

తుమ్ము నిబంధన మొదటి వారంలోనే ఆమోదం పొందింది. బయలుదేరిన సేన తుమ్ము వినపడగానే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరాలి. తుమ్మింది శత్రువైనా, మిత్రుడైనా, గరాజు యజమాని అయినా తేడా లేదు. రెండో వారంలో భోజనం సంగతి వచ్చింది. ఓడినంత మాత్రాన ఖాళీ కడుపుతో పంపడం ఏ రాజుకూ మర్యాద కాదని అందరూ ఒప్పుకున్నారు. కాబట్టి గెలిచిన సేన ఓడిన సేనకు భోజనం పెట్టాలి. కనకరాజు తప్పు పట్టాడు: మరి వీపుమీద దెబ్బ ఎప్పుడు వెయ్యాలి? అన్నం పెట్టిన చేత్తో వెంటనే కొట్టడం బాగుండదని, కనీసం గంట ఆగి కొట్టాలని సవరణ చేశారు. దెబ్బ తిన్నవారికి దారిలో తినడానికి ఐస్‌క్రీం డబ్బాలో పులిహోర పెట్టి ఇవ్వాలన్నది రామ్మోహన్ ప్రతిపాదన. డబ్బా తిరిగి ఇవ్వాలా వద్దా అన్న చర్చకే ఒక ఆదివారం కూడా పట్టింది.

సేనలో స్త్రీలుంటే బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇవ్వాలని సత్యభామ రాసింది. బొమ్మలకు సరిపడేలా గోరంత జాకెట్టు ముక్కలు రామ్మోహన్ భార్య సింధుజ కత్తిరించి పెట్టింది. నీలిసేనలో స్త్రీలు లేరు. ఉంటే ఇబ్బంది పడకూడదని ముందుజాగ్రత్త. బయలుదేరినవారిని ఎక్కడికని అడగడం అశుభం కనుక సరిహద్దు కాపలావాళ్ళకు ఆ ప్రశ్న అడిగే అధికారం రద్దుచేశారు. దానితో సరిహద్దు కాపలా కూడా రద్దయింది. ముగ్గురు సేనాపతులు కలిసి వెళ్ళకూడదు. మంగళవారం వెళ్ళకూడదు. ఆట శనివారాలే జరుగుతుంది కదా అని ఎవరో అన్నారు. అలాంటప్పుడు ఈ నిబంధన ఎవరికీ ఇబ్బంది కాదు గనుక ఉంచేద్దామన్నారు రామానుజం గారు. మన సంఘాలలో ఇంత వేగంగా నిర్ణయాలు జరగడం అరుదు.

రాహుకాలం దగ్గర మాత్రం పీటముడి పడింది.

“సోల్జర్స్ టార్నీట్‌లో ఉన్నారు. టార్నీట్ రాహుకాలమే లెక్క,” అన్నాడు కనకరాజు.

“సోల్జర్స్ ఇక్కడ ఉండొచ్చు. పంచాంగం ఎక్కడిది? మన రాహువుకి ఆస్ట్రేలియాలో ఉండిపోవడానికి పీఆర్ ఎవరిచ్చారు?” అన్నారు రామానుజం గారు.

కనకరాజు అలిగి, తాను సంఘం వదిలి వేరే సంఘం పెట్టుకుంటానని లేచాడు. సంఘం వదలడం కూడా వెనుదిరగడమే అవుతుందని సత్యభామ మెల్లగా గుర్తుచేసింది. నిబంధనల ప్రకారం అతనికి భోజనం పెట్టారు. గంట ఆగారు. ఈలోగా ఎవరో తుమ్మారు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టారు. మళ్ళీ భోజనం పెట్టబోతే, వద్దని అతనే ఉండిపోయాడు. చివరికి రెండు దేశాల రాహుకాలాలూ పాటించాలని రాజీ కుదిరింది. అవి పోగా ఆట జరిగే వేళల్లో సేన బయలుదేరడానికి మిగిలే సమయం నలభై నిమిషాలు. అది టీ సమయం. టీ తాగకుండా పంపకూడదని ఆరో నిబంధన. ఖండాంతరాల్లో ఇంతవరకూ చీలిపోని తెలుగు సంఘం తమదొక్కటేనని రామానుజం గారు ఆ సాయంత్రం సగర్వంగా ప్రకటించారు. నిబంధనల ప్రతిని కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్ళి పూజ కూడా చేయించారు.

వెంకీ వారం వారం వచ్చి కూర్చునేవాడు. మొదట్లో నవ్వేవాడు. తరువాత ఫోన్ చూసుకునేవాడు. అయిదో వారంలో, నిబంధనలు ఎవరి గురించైతే రాస్తున్నారో వారు చర్చలో ఉండటం న్యాయం కాదని, అతన్ని బయట కూర్చోమన్నారు.

సత్యభామ జీవితంలో అంత తీరికలేని రోజులు ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే లేచి నిన్నటి నిబంధనలు సాపు చేసుకోవాలి, ఇవాళ్టివి ఆలోచించాలి. లీలావతి ఎప్పటిలాగే ఏడు గంటలకు తలకు మఫ్లర్ చుట్టుకుని వచ్చి తలుపు తట్టేది.

“అక్కా, నడ్వ పోదమా?”

“ఇవాళ కుదర్దు లీలా. పద్దెనిమిదోది శనివారంలోగా ఇవ్వాలి.”

“ఏం పద్దెనిమిదోదో ఏందో. బొమ్మలు పోతె పోతయి, ఉంటె ఉంటయి. ఎండ మంచిగున్నది, రారాదు.”

“నీకు తెలీదులే. ఇదంతా నీకోసమే.”

“నాకోసమైతె నాతోని నాలుగడుగులు ఎయ్యి. గా కాగితాలెందుకు?”

“అయిపోనీ. అయిపోయాక రోజూ నడుద్దాం.”

“అయిపోయినంక నేనుంటనా,” అని లీలావతి నవ్వుతూ వెళ్ళిపోయేది. వెళ్ళేటప్పుడు ఆవిడకు గుమ్మం దగ్గర తుమ్మూ, మంచినీళ్ళూ ఏమీ ఉండేవి కావు. సత్యభామ అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ పదకొండు వారాల్లో వారిద్దరూ కలిసి నడిచింది మూడుసార్లు. అందులో ఒకసారి వాన వచ్చి సగంలో తిరిగొచ్చారు.

సృజన ఒకరోజు వంటింట్లో నిలబడి ముసాయిదా పేజీలు తిరగేసింది. తెలుగు చదవడం రాదు కనుక అమ్మమ్మ చదివి వినిపించింది.

“అమ్మమ్మా, దిస్ ఈజ్ నాట్ ఎ రిట్రీట్ రూల్,” అంది సృజన. “దిస్ ఈజ్ అస్ లీవింగ్ ఎనీబడీస్ హౌస్.”

“మరి? మనిషిని పంపడమంటే అంతే కదే.”

“బట్ ఇన్ యువర్ రూల్స్ నోబడీ యాక్చువల్లీ గోస్.”

“అదే కదా,” అంది సత్యభామ, కొంచెం గర్వంగానే.

అయితే జూలై మొదటి తేదీ ఎవరి నిబంధనలకూ లోబడే రకం కాదు. వెంకీ చివరికి లారీ బుక్ చేశాడు. సేన సంగతి మీరే చూసుకోండి అంకుల్, నేను జూన్ చివరి శనివారం బయలుదేరుతున్నాను అని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ముప్ఫై ఏడుమంది చేతులు జోడించిన బొమ్మ పంపారు. సామాన్లు ముందే లారీలో వెళ్ళిపోతాయి. తల్లీ, తనూ, భార్య ఉదయశ్రీ కారులో రెండు రోజుల ప్రయాణం. లీలావతి పంచాంగం చూసి, సరిగ్గా మూడు గంటలకు కారు కదలాలని నిర్ణయించింది.

వెంకీ వెళ్ళేలోగా నీలిసేనకు న్యాయం చేసి తీరాలని సంఘం అదే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ప్రత్యేక సమావేశం పెట్టింది. లెక్క చాలా సులువుగా ఉంది. నలభై ఒక్క నిబంధనలనూ సలహాదారు పైకి చదవాలి. నలభై నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాల్లో ఓటు. రెండూ నలభై అయిదుకు సేనను బల్ల దించి, అందరూ కలిసి నాలుగిళ్ళు నడిచివెళ్ళి లీలావతి కుటుంబాన్ని సాగనంపాలి. రామానుజం గారు వీడ్కోలు ప్రసంగం నాలుగు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకున్నారు. సత్యభామ లీలావతికోసం కొత్త చీర, కుంకుమ భరిణె సంచిలో సర్ది కుర్చీ పక్కన ఉంచుకుంది. జూన్ చలి కనుక గరాజు షట్టరు కిందికి దించేశారు.

చదవడం సక్రమంగా మొదలైంది. పన్నెండో నిబంధన దగ్గర రామ్మోహన్ తుమ్మాడు. చలికాలంలో మెల్‌బోర్న్‌లో తుమ్మని ముక్కు ఉండదు. చదువుతున్నది నిబంధనలే కదా, సేన ఇంకా బయలుదేరలేదు కదా అని సత్యభామ అంది. సేన బయలుదేరడం మొదటి నిబంధన చదవడంతోనే మొదలైనట్టు లెక్క అని పదిహేడో నిబంధనలో ఆవిడే రాసిందని కనకరాజు పేజీ తీసి చూపించాడు. అతను పట్టిన తప్పుల్లో నిజమైనది అదొక్కటే. ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చారు. తాగి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

ఇరవై ఆరో నిబంధన దగ్గర రామానుజం గారు తుమ్మారు. అధ్యక్షుని తుమ్ముకు ప్రత్యేక హోదా ఉందా అని ఎవరో అడిగారు. లేదని, అధ్యక్షుడు అందరిలాంటివాడేనని ఆయన వినయంగా సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ మంచినీళ్ళు. రెండూ యాభై.

సత్యభామ లేచి నిలబడింది. “నేను ఒక్క నిమిషం అలా వెళ్ళొస్తాను నాయనా. లీలావతి...”

“ఆంటీ, సారీ,” అన్నాడు కనకరాజు. “చర్చ ముగిసేదాకా ఎవరూ బల్ల వదలకూడదు. థర్టీ-త్రీ.”

ముప్ఫై మూడోది వెంకీ మధ్యలో లేచి వెళ్ళకుండా ఆవిడ స్వయంగా రాసినది. చాలా బాగా రాసింది. సందు ఎక్కడా లేదు. “రూల్ అందరికీ ఒకటే అత్తయ్యగారూ. ఫాస్ట్‌గా చదివేయండి, అయిపోతుంది,” అన్నాడు రామ్మోహన్. సత్యభామ కూర్చుంది. కుడిచేత్తో కాగితాలు పట్టుకుని గబగబా చదవసాగింది. ఎడంచెయ్యి బల్ల అంచు దగ్గరికి వెళ్ళి, అన్నిటికంటే చివర నిలబడి ఉన్న నీలి సైనికుణ్ణి ఒకణ్ణి పట్టుకుని పిడికిట్లో మూసేసింది. అది ఎవరూ చూడలేదు.

ఓడినవారు వెళ్తుంటే గెలిచినవారు గేటుదాకా వచ్చి సాగనంపాలి. టార్నీట్ ఇళ్ళకు గేట్లు లేవు కనుక ఉత్తరాల డబ్బాను గేటుగా పరిగణించాలి. బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాలి. మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడాలి. ఇవి ఎనిమిది, తొమ్మిది. ఆవిడ వాటిని గరాజంతా మారుమోగేలా చదివింది. నలభై దగ్గర, అంతసేపు చలిలో గొంతు చించుకున్నందుకు, ఆవిడకే తుమ్ము వచ్చింది.

ఆపుకోవాలని చూసింది. ముక్కు నలిపింది. పైటచెంగు అడ్డం పెట్టుకుంది. తుమ్ము తుమ్మే. అదీ ఒంటి తుమ్ము. డెబ్భై రెండేళ్ళలో ఏ తుమ్మునూ లెక్కచెయ్యకుండా దాటిన మనిషి కాదు. కనకరాజు ఏమీ అనకముందే ఆవిడే గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగి, మొదటి పేజీ తిప్పింది.

నిబంధనలు ఏకగ్రీవంగా ఆమోదం పొందేసరికి నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. షట్టరు పైకెత్తారు. అందరూ రామానుజం గారి వెనుక వరుసగా నాలుగిళ్ళూ నడిచారు. ఇంటి ముందు టైర్ల గుర్తులున్నాయి. రామానుజం గారు ఖాళీ వాకిలిని ఉద్దేశించి రెండు పేజీలు మాట్లాడారు. మిగతా రెండు పేజీలు సభ్యులకు తరువాత వాట్సాప్‌లో పంపారు.

సత్యభామ వాళ్ళ వెంట వెళ్ళలేదు. ఆవిడ చీర సంచి పట్టుకుని తమ ఉత్తరాల డబ్బా దాకా వచ్చి ఆగిపోయింది. డబ్బామీద స్టీలు గిన్నె, మూత, మూతకు రబ్బరు బ్యాండు. అందులో సర్వపిండి ఉంది. చల్లారిపోయింది. ఫోన్ మోగింది.

“అక్కా, మెల్‌బోర్న్ దాటి వాలన్ కాడికొచ్చినం. గిన్నె జూసినవా?”

“ఎందుకు పిలవలేదు లీలా? షట్టరు కొడితే వచ్చేదాన్ని కదా.”

“షట్టరు కాడ పది నిమిషాలు నిలవడ్డ. నీ గొంతు ఇనవడ్డది. పోయెటోళ్ళ ఎంబడి గేటుదాక రావాలె, మలుపు తిరిగెదాక చెయ్యి ఊపాలె అని గట్టిగ చదువుతున్నవు. మస్తు రాసినవక్కా. మీటింగు మంచిగ నడుస్తున్నట్టున్నది, నడుమల ఎందుకులే అని పోయిన.”

సత్యభామ ఏదో అనబోయింది. “సిగ్నల్ పోతుందత్తమ్మా,” అని అవతల ఉదయశ్రీ గొంతు వినపడింది. సిగ్నల్ పోయింది. సృజన లోపలినుంచి వచ్చి అమ్మమ్మ పక్కన నిలబడింది.

“అమ్మమ్మా, యూ కుడ్ హావ్ జస్ట్ వాక్డ్ అవుట్.”

“తుమ్మానే,” అంది సత్యభామ.

ఇద్దరూ మలుపు వైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. మలుపు తిరిగాక కూడా నిలబడాలన్న నిబంధన ఇంతవరకూ అమలైంది ఆ ఒక్కసారే.

ఆ పై శనివారం నీలిసేనను లెక్కపెడితే నలభై రెండుమందే తేలారు. ఒక సైనికుడు భోజనం చెయ్యకుండా, టీ తాగకుండా, ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళిపోవడం సంఘాన్ని తీవ్రంగా కలచివేసింది. ఇలాంటి అమర్యాద మళ్ళీ జరగకుండా విచారణ సంఘం వేసి, సత్యభామను దానికి అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆవిడ ప్రతివారం చాలా శ్రద్ధగా విచారణ జరుపుతోంది. ఆ సైనికుడు ఆవిడ మంచం పక్కన, మడత విప్పని చీరమీద, నుదుట బొట్టుతో నిలబడి ఉన్నాడు. వాడిని టూవూంబాకు పోస్టులో పంపాలని ఆవిడ రోజూ అనుకుంటుంది. కవరుమీద చిరునామా కూడా రాసింది. కానీ పంపడమంటే వాడు కూడా వెళ్ళిపోవడమే కదా.

మిగిలిన నలభై రెండుమందీ గరాజులో బల్లమీదే ఉన్నారు. వారిని గౌరవంగా సాగనంపడానికి సంఘం సర్వసన్నద్ధంగా ఉంది. నిబంధనల ప్రతులు మిగతా నగరాల తెలుగువారు కూడా అడిగి తెప్పించుకుంటున్నారు. చదివినవారంతా మన ఆచారాలు ఇంత చక్కగా ఒకచోట చూసి కళ్ళు చెమర్చాయని రాస్తున్నారు. మీకూ కావాలంటే పంపుతాం. ఈ వారం మీ వీధిలో ఎవరైనా వెళ్ళిపోతున్నట్టయితే ముందుగా ఒక్కసారి చదువుకోండి. ఎవరూ తుమ్మకపోతే నలభై నిమిషాలే పడుతుంది. అప్పటికి వాళ్ళ కారు వాలన్ దగ్గర ఉంటుంది.